పది పెట్టలకు పెరటి గూడు: ముందు కింది మూడడుగులు

(పెరటి కోళ్ల పెంపకంపై ఇచ్చిన ప్రసంగానికి లిఖిత రూపం. చివర శ్రోతల ప్రశ్నలు, వాటికి జవాబులు.)

అందరికీ నమస్కారం. పెరటి కోళ్లనగానే ఏ జాతి, ఏడాదికి ఎన్ని గుడ్లు అన్న మాటలతోనే మొదలుపెడతాం. ఈ రోజు నేను గూడు గురించే మాట్లాడతాను. పెరట్లో కోళ్లు పోయేది ఎక్కువగా మూడు దారుల్లో. రాత్రిపూట పిల్లో, ముంగిసో, కుక్కో ఎత్తుకుపోతుంది. వానాకాలంలో తడి నేల మీద జబ్బులు పుడతాయి. లేదా కొక్కెర రోగం వచ్చి వారం రోజుల్లో దొడ్డి ఖాళీ చేసిపోతుంది. మూడోదానికి టీకా ఉంది. మొదటి రెండింటికీ మందు గూడే.

గూడు కట్టేవాళ్లు చాలామంది చలికి, దొంగలకు భయపడి నాలుగు వైపులా మూసేసి, ఒక చిన్న తలుపు పెట్టి ఊరుకుంటారు. మన ప్రాంతంలో కోడికి చలి పెద్ద కష్టం కాదు. దాని ఒంటి మీద ఈకలున్నాయి. ఆదిలాబాద్, అరకు వైపు డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిపూట గోనెపట్టాలు దించితే చాలు. కోడి తట్టుకోలేనిది ఎండ, తడి, గాలి ఆడకపోవడం. మూసేసిన గూట్లో రెట్ట నుంచి లేచే అమ్మోనియా పోయే దారి లేక కళ్లు మండించి, ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. ఆ తర్వాత గురకలు, ముక్కు కారడం మొదలవుతాయి. కాబట్టి పైన గాలి ఆడాలి, కింద గట్టిగా ఉండాలి. మీరు పెట్టే డబ్బు ముందు కింది మూడడుగులకు పెట్టండి. శత్రువు వచ్చేదీ అక్కడే, తడి వచ్చేదీ అక్కడే.

ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి. అందుకని నేను రూపాయలు చెప్పను, కొలతలు చెబుతాను. మీ ఊరి కొట్లో ధర అడిగి గుణించుకోండి.

పది పెట్టలు, ఒక పుంజు అనుకుందాం. రాత్రి పడుకునే గదికి కోడికి రెండు చదరపు అడుగులు చొప్పున లెక్క వేస్తే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు సరిపోతుంది. పగలు తిరిగే దొడ్డికి కోడికి ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు కావాలి. 12 అడుగులు, 8 అడుగులు పెట్టుకోండి. పెరడు పెద్దదై, సాయంత్రం కాసేపు బయటికి వదలగలిగితే ఇదే ఎక్కువ. అసలు వదలడమే కుదరని పట్నం ఇళ్లలో ఇంతకు తగ్గించొద్దు. ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి, రక్తం కనబడితే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి.

చోటు ఎంచుకునేటప్పుడు ఒక వాన పడ్డాక పెరడు చూడండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అక్కడ వద్దు. బావికి, వంటింటి కిటికీకి దూరంగా ఉండాలి, కానీ రాత్రి కోడి అరిస్తే ఇంట్లోకి వినబడాలి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొడవు గోడల మీద ఎండ నేరుగా పడదు. పడమర వైపు ఒక వేపో, కానుగో ఉంటే అంతకన్నా మంచిది లేదు.

ఇక కట్టుబడి. గది చుట్టూ అడుగు లోతు కాలువ తవ్వి, అక్కడి నుంచి సగం ఇటుక మందం గోడ లేపండి. భూమిలో ఒక అడుగు, నేల మీద అడుగున్నర అరుగు, ఆ పైన మరో అడుగు గోడ. మొత్తం మూడున్నర అడుగులు. చుట్టుకొలత 20 అడుగులు గనుక 300 నుంచి 350 ఇటుకలు పడతాయి. ఇల్లు పడగొట్టిన చోట దొరికే పాత ఇటుకలైనా పనికొస్తాయి. అరుగు లోపల ఇటుక ముక్కలు, మొరం నింపి గట్టిగా దిమ్మిస చేసి, పైన రెండు అంగుళాల కాంక్రీటు పోయండి. గోడకూ నేలకూ కలిపి రెండు బస్తాల సిమెంటు చాలు. కాంక్రీటు దండగనుకుని మట్టి నేలే వదిలేస్తే పందికొక్కు ఒక్క రాత్రిలో కింది నుంచి కన్నం పెడుతుంది, ఆ కన్నంలోంచి పాము వస్తుంది. నేల తలుపు వైపు అర అంగుళం వాటంగా ఉంటే కడిగిన నీళ్లు బయటికి పోతాయి.

గోడ కట్టేటప్పుడే ఆరు సరుగుడు బాదులు నిలబెట్టండి, ముందు మూడు, వెనక మూడు. మూడంగుళాల లావు ఉంటే సరిపోతుంది. నేల నుంచి ముందువి 7 అడుగులు, వెనకవి 6 అడుగులు ఉండాలి. ఆ వాటం వాన నీటికి. భూమిలోకి పోయే భాగాన్ని మంటలో పైపైన కాల్చి, ఆరాక తారు పూయండి. ఇది చేయకపోతే రెండో ఏడాదికే చెద తినేస్తుంది.

ఇప్పుడు జాలీ. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎక్కువ మంది పొరపాటు పడేది ఇందులోనే.

కొట్లో కోళ్ల జాలీ అడిగితే ఆరు మూలల కన్నున్న సన్న తీగ జాలీ ఇస్తారు. చవక. అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. పెద్ద కుక్క పళ్లతో పట్టి లాగితే చిరుగుతుంది. కింది భాగంలో తడికి తుప్పు పట్టి రెండు వానాకాలాలకే పొడిపొడి అవుతుంది. కాబట్టి కింద ఎక్కడా అది వాడొద్దు. వెల్డ్ మెష్, అంటే అడ్డం నిలువు తీగలను అతికించిన గట్టి జాలీ, తీసుకోండి. 3 అడుగుల వెడల్పు, 50 అడుగుల చుట్టలు రెండు కావాలి. ఒకటి అర అంగుళం కన్నుది, ఒకటి అంగుళం కన్నుది.

అర అంగుళం చుట్ట రాత్రి గదికి. గోడ పై నుంచి చుట్టూ ఒక వరుస మొత్తం వెడల్పున కొట్టండి, 20 అడుగులు పడుతుంది. దాని పైన, చూరు దాకా మిగిలే ఖాళీకి చుట్టను నిలువునా రెండుగా చీల్చి అడుగున్నర వెడల్పు ముక్క కొట్టండి, మరో 10 అడుగులు పోతుంది. చూరు కింద చెయ్యి పట్టేంత సందు వదిలినా పిల్లి అక్కడి నుంచే దిగుతుంది. అంగుళం కన్ను పెద్దదేమీ కాదు కదా అంటారు. పెద్ద జెర్రిపోతు కాకపోయినా చిన్నది దూరుతుంది, చిట్టెలుక దూరుతుంది. పిల్లి ఆ కంతలోంచి గోళ్లు పెట్టి, జాలీకి ఆనుకుని నిద్రపోయే కోడిని చీరుతుంది. జాలీని బయటి వైపు నుంచి కొట్టాలి, యూ మేకులతో, జానెడుకొకటి. బైండింగ్ వైరుతో కట్టి వదిలేస్తే తోసే కొద్దీ వదులవుతుంది.

చుట్టలో ఇంకా 20 అడుగులు మిగిలింది. దీన్ని నేలలో పరవాలి, దొడ్డి కంచె వెంబడి. తవ్వే జంతువు ఎప్పుడూ కంచె మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి వచ్చి తవ్వాలని దానికి తోచదు. అందుకని అడుగున్నర వెడల్పు జాలీని కంచె కింది అంచుకు కట్టి, బయటి వైపుకు పడుకోబెట్టి, మీద రెండు మూడంగుళాల మట్టి కప్పండి. గోళ్లు పెట్టిన చోటల్లా జాలీయే తగులుతుంది. దొడ్డి చుట్టూ 34 అడుగులే కంచె, మిగతా ఆరడుగులు గూడే అడ్డం ఉంది. నిలువునా చీల్చిన 17 అడుగుల చుట్ట సరిపోతుంది. మిగిలిన మూడడుగులు అతుకులకు దాచుకోండి.

అంగుళం కన్ను చుట్ట దొడ్డి కంచెకు, కింది మూడడుగుల ఎత్తున. ఆ పైన ఆరడుగుల దాకా చవక జాలీ అయినా, పాత చేపల వలైనా ఫర్వాలేదు. నాలుగడుగులకొక బాదు, 8 అడుగుల పొడవుది, రెండడుగులు భూమిలోకి. నడుమ పందిరికి రెండు కలిపి డజను కావాలి. దొడ్డి పైన కూడా వల కప్పి తీరాలి. గద్ద, డేగ సంగతి అందరికీ తెలుసు. కోడిపిల్లలకు కాకి అంతకన్నా పెద్ద ముప్పు. పైగా అడవి పక్షులు లోపలికి వచ్చి మేత తిని రెట్ట వేయడం మంచిది కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎన్ని కోళ్లు పోయాయో చూశారు. వల ఒక్కటే దాన్ని ఆపలేదు గానీ నీళ్ల తొట్టి, మేత తొట్టి బయటి పక్షులకు అందకుండా చేస్తుంది.

ఆ వల మీదికే సొర, బీర, చిక్కుడు పాకించండి. పాదు మొదలు కంచె బయట ఉండాలి, లోపల ఉంటే కెలికి పారేస్తాయి. ఎండాకాలానికి నీడ, వంటింటికి కూర.

పైకప్పు. గది నాలుగడుగుల వెడల్పే అయినా కప్పు ఎనిమిది అడుగులు కావాలి. రెండు వైపులా రెండేసి అడుగులు చూరు లేకపోతే జల్లు లోపల పడుతుంది, ఊక తడుస్తుంది, అక్కడి నుంచి జబ్బులు. 8 అడుగుల సిమెంటు రేకులు మూడు పక్కపక్కన వేస్తే 10 అడుగులు కప్పుతాయి. ఆ కొలతకే చెప్పాను, కోయాల్సిన పని రాకూడదని. ఆస్‌బెస్టాస్ ఉన్న రేకును కోస్తే, రంధ్రం చేస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. రంధ్రాలు పెట్టక తప్పదు గనుక ఆ చోటు తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయండి. పగిలిన పాత రేకులు వాడొద్దు. ఇనుప రేకు చవకే, కానీ మే నెలలో దాని కింద గూడు పెనంలా కాలుతుంది. అదే వేయాల్సి వస్తే పైన తాటాకు లేదా వరిగడ్డి అరడుగు మందం కప్పండి. తాటాకు కప్పు ఒక్కటే అయితే చల్లన. కానీ ఎలుకలు, పాములు చేరతాయి, కాబట్టి దాని కింద జాలీ వేయాలి. సిమెంటు రేకుకు వేసవి రాకముందే సున్నం కొట్టండి.

పడమర వైపు జాలీకి బయట వెదురు తడిక కట్టండి. మిగతా మూడు వైపులా గోనెపట్టాలు చుట్టి పెట్టి, ముసురు పట్టినప్పుడు మాత్రం దించండి, ఆగగానే ఎత్తేయండి.

లోపల సామాను తక్కువే. ఎక్కి పడుకోవడానికి అడ్డకర్రలు రెండు, ఒక్కోటి ఆరడుగులు. కోడికి పది అంగుళాల చొప్పున పదకొండుకు తొమ్మిది అడుగులు దాటుతుంది, రెండు కర్రలు చాలు. అంగుళమున్నర నుంచి రెండంగుళాల లావు ఉండాలి, అంచులు వాడిగా ఉండకూడదు. నేల నుంచి అడుగున్నర, రెండడుగుల ఎత్తు. రెండూ ఒకే ఎత్తున పెట్టండి. ఎత్తుపల్లాలుంటే పై కర్ర కోసం రోజూ సాయంత్రం కొట్లాటే. వనరాజ లాంటి బరువు కోళ్లకు మరీ ఎత్తు పెడితే దూకినప్పుడు అరికాలు దెబ్బతిని పుండవుతుంది. జాలీకి అడుగు దూరం ఉంచడం మర్చిపోవద్దు, పిల్లి గోళ్ల గురించి ఇందాక చెప్పాను.

గుడ్లకు మూడు పెట్టెలు. నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, ముందు నాలుగంగుళాల అడ్డపట్టీ, లోపల వరిగడ్డి. మామిడికాయల చెక్క పెట్టె అడ్డం తిప్పి పెట్టినా అదే పని చేస్తుంది. చీకటిగా ఉండే మూలలో పెట్టండి. అడ్డకర్రల కన్నా కిందే ఉండాలి. ఎత్తున ఉంటే పెట్టెల్లోనే పడుకుని రెట్టతో నింపుతాయి.

మనిషి తలుపు రెండడుగులు, నాలుగడుగులు, తూర్పు వైపు. కోళ్ల తలుపు అడుగు వెడల్పు, దాని ముందు దిగడానికి చిన్న పట్టీలు కొట్టిన వాలు చెక్క. ప్రతి తలుపుకూ గడియ, దానితో పాటు కొక్కెం. గడియ ఒక్కటే ఉంటే కుక్క మూతితో తడుతూ తడుతూ జార్చుతుంది. దీపాలు పెట్టే వేళకు కోళ్లు వాటంతట అవే ఎక్కి కూర్చుంటాయి. అప్పుడు లెక్కపెట్టి తలుపు వేయడం ఇంట్లో ఒకరి పనిగా పెట్టుకోండి. రోజుకొకరు అనుకుంటే ఏదో ఒక రోజు ఎవరూ వేయరు.

నేల మీద మూడంగుళాల ఊక. వరి ఊకైనా, వేరుశనగ పొట్టైనా, రంపపు పొట్టైనా ఒకటే. రెండు బస్తాలు పడుతుంది. రెండు రోజులకొకసారి కెలకాలి. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టిందంటే తడి ఎక్కువైనట్టు. తెల్లవారి తలుపు తీయగానే వంగి కోడి ఎత్తులో ముక్కు పెట్టి చూడండి. కళ్లు మండితే తడి ఊక తీసేసి, పావు కిలో పొడిసున్నం చల్లి కలిపి, కొత్త ఊక వేయండి. తడి ఊకలోనే కాక్సిడియా అనే పరాన్నజీవి పెరుగుతుంది, కోడిపిల్లలకు రక్తపు పారుడు వచ్చేది దానివల్లే. తీసిన ఊకను కుప్పగా వేసి రెండు మూడు నెలలు మాగనిచ్చాకే మొక్కలకు వేయండి, పచ్చిది వేస్తే వేళ్లు మాడతాయి.

దొడ్డిలో ఒక మూల వాన తగలని చోట రెండడుగుల గుంటలో ఇసుక, బూడిద, ఎండిన వేపాకు పొడి వేసి ఉంచండి. కోళ్లు అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి. నల్లులు, పిడుదులు పగలు కర్రల పగుళ్లలో, గోడ సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. కోడిని చూస్తే కనబడవు. తురాయి పాలిపోయి, గుడ్లు తగ్గితే రాత్రి టార్చితో కర్రల అడుగు చూడండి. సలసల కాగే నీళ్లు పోసి, ఆరాక గోడల సందులు పూడ్చి సున్నం కొట్టాలి.

మేత. దొడ్డిలోనే ఉంచితే పెట్టకు రోజుకు 110 నుంచి 120 గ్రాముల లేయర్ దాణా కావాలి. బయట తిరిగి వచ్చేవాటికి పొద్దునా సాయంత్రం కలిపి 40, 50 గ్రాముల నూకలు, జొన్నలు, మొక్కజొన్న నలగ్గొట్టింది సరిపోతుంది. ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో ఎప్పుడూ ఉండాలి. రాత్రి మేత లోపల వదలొద్దు, అదే ఎలుకలను పిలుస్తుంది. దాణా మూతగట్టి డబ్బాలో దాచండి. వానాకాలంలో బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క వేయనే వద్దు, ఆ విషం కాలేయాన్ని తింటుంది.

రోహిణీ కార్తెలో, 40 డిగ్రీలు దాటాక, నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు వేలాడేస్తుంటే అది ప్రమాదం. మామూలు రోజుల్లో కోడి పావు లీటరు నీళ్లు తాగుతుంది, ఎండల్లో దానికి రెట్టింపు. మట్టి తొట్లు రెండు, నీడలో, మధ్యాహ్నం నీళ్లు మార్చాలి. మేత తెల్లవారుజామున, చల్లబడ్డాక మాత్రమే. గోనెపట్టాలు తడిపి వేలాడదీయండి, ఊక మాత్రం తడపకండి.

టీకాలు క్లుప్తంగా. మొదటి వారంలో లసోటా (ఇదీ కొక్కెర రోగం టీకాయే), రెండో వారంలో గంబోరో వ్యాధి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరో వారంలో మశూచి, ఎనిమిదో వారంలో కొక్కెర రోగానికి ఆర్‌టూబీ సూది. ఒక్కరోజు పిల్లలను తెచ్చి బల్బుల కింద పెంచడం అలవాటు లేనివారు ఐదారు వారాలు పెరిగి, మొదటి టీకాలు పడిన పిల్లలను కొనుక్కోవడమే మేలు. జాతుల మాటకొస్తే గుడ్లకు గ్రామప్రియ, గుడ్లూ మాంసానికీ కలిపి వనరాజ, శ్రీనిధి. ఇవి రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసినవి. వీటికి పొదిగే గుణం బాగా తక్కువ. పిల్లలను ఇంట్లోనే తీయాలనుకుంటే ఒకటి రెండు నాటు పెట్టలు కలిపి పెంచుకోండి.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మాది లంక గ్రామమండీ. వరదొస్తే అడుగున్నర అరుగు మునిగిపోతుంది. ఏం చేయాలి?

అరుగు బదులు మంచె కట్టండి. అరడుగు మందం ఉన్న బాదులు నాలుగు, భూమిలో మూడడుగులు దించి, మీ ఇంటి దగ్గర నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గుర్తున్న మట్టానికి పైన చెక్కలతో నేల వేయండి. చెక్కల మధ్య సందు వదలొద్దు, మీద ఊక మామూలే. కాళ్లకు మధ్యలో రేకు ముక్క గొట్టంలా చుట్టి కొట్టండి, రెండడుగుల ఎత్తు. ఎలుక దాని మీద పట్టు దొరక్క జారుతుంది. నిచ్చెన రాత్రి తీసేయండి. మంచె కింది చోటు మిగతా కాలమంతా కోళ్లకు నీడ.

ప్రశ్న: ముంగిస తగ్గట్లేదు సార్. కంచెకు కరెంటు తీగ ఇవ్వొచ్చా?

వద్దమ్మా, ఏ పరిస్థితిలోనూ వద్దు. ఇంటి కరెంటు నేరుగా కంచెకు ఇస్తే ముందు పోయేది పెరట్లో ఆడుకునే పిల్లలు. ముంగిసను చంపడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. ఎలుకల మందు కూడా పెట్టకండి, మందు తిన్న ఎలుకను కోడి పొడుచుకు తింటే కోడీ పోతుంది. పగటిపూట గూట్లో ఒకరిని నిలబెట్టి తలుపులు వేసి, బయటి వెలుగు ఎక్కడెక్కడ కనిపిస్తోందో చూడమనండి. జాలీ కన్ను కన్నా పెద్ద వెలుగు కనిపించిన ప్రతి చోటూ ముంగిసకు దారే.

ప్రశ్న: గుడ్లకు పుంజు ఉండాలా?

అక్కర్లేదు. పిల్లలు కావాలంటేనే పుంజు. పట్నంలో పక్కింటివారికి తెల్లవారుజామున ఇబ్బందైతే పెట్టలే పెంచుకోండి.

ప్రశ్న: ఒక పెట్ట గుడ్లు పొడుచుకు తింటోంది.

గుడ్డు పెంకు పల్చబడి పగిలితే రుచి తెలుస్తుంది, అక్కడి నుంచి అలవాటవుతుంది. ఆల్చిప్పల పొడి ఉందో లేదో చూడండి. గుడ్లు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయండి. పెట్టెకు ముందు గోనె ముక్క వేలాడదీసి చీకటి చేయండి. రెండు వారాలకూ మానకపోతే ఆ పెట్టను వేరు చేయాలి, మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి.

ప్రశ్న: కొత్తగా తెచ్చినవి గూట్లోకి రావట్లేదు, జామచెట్టెక్కి పడుకుంటున్నాయి.

కొత్త కోళ్లను తెచ్చిన రోజే వదలకూడదు. నాలుగైదు రోజులు రాత్రి గదిలోనే మేత, నీళ్లు పెట్టి ఉంచండి. ఆ తర్వాత సాయంత్రం చీకటి పడడానికి ఒక గంట ముందు దొడ్డిలోకి వదలండి, ఎక్కువ దూరం పోయే వ్యవధి ఉండదు. ఇప్పుడు చెట్టెక్కే వాటిని చీకటి పడ్డాక చేత్తో దించి అడ్డకర్ర మీద కూర్చోబెట్టండి, చీకట్లో కోడికి చూపు ఆనదు గనుక గొడవ చేయదు. మరో ముఖ్యమైన మాట. పాత కోళ్లున్న ఇంటికి కొత్తవి తెస్తే రెండు మూడు వారాలు విడిగా, వేరే తొట్లతో ఉంచండి. ఆ రోజుల్లో ఒక్కటి ఆకుపచ్చ విరేచనాలతో, మెడ తిరిగి పడిపోయినా పశువుల డాక్టరుకు కబురు చేయండి. చచ్చిన కోడిని కాలువలో పారేయకుండా నాలుగడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి.